దేవుడి బట్టలో నా కంపెనీ పేరు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. శ్రావణ పున్నమి ఊరేగింపులో దేవుడి కోసం నేసే బట్టలో నా టవళ్ల కంపెనీ పేరు నేయించాను. నేసింది మా అక్క భర్త, మా బావ. పెద్దలు ఒప్పుకున్నారని ఆయనతో అబద్ధం చెప్పింది నేను. ఆ పేరు బయటపడి ఆయన పదిమందిలో తల వంచుకుని నిలబడితే, పక్కనే ఉండి నోరు తెరవనిదీ నేనే.

మాది షోలాపూర్‌లో కుంఠా నాకా వైపు పేట. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గాలు మోసుకుంటూ వచ్చిన ఇళ్లే చుట్టూ. ఇప్పుడు చేమగ్గాలు ఎక్కడో ఒకటీ అరా. మిగతావన్నీ కరెంటు మీద నడిచే సాంచెలు. నాకూ ఒక చిన్న షెడ్డు ఉంది, అందులో టవళ్లు నేయిస్తాను. నేయిస్తాను అంటున్నాను కానీ నాకు నేయడం రాదు. చిన్నప్పుడు నాన్న మగ్గం ముందు కూర్చోబెడితే పోగు దూర్చే నాడె చేతిలోంచి జారి కింద పడేది, నేను లేచి బయటికి పారిపోయేవాణ్ణి. ఆ తర్వాత ఆయన మళ్లీ కూర్చోబెట్టలేదు.

శ్రావణ పున్నమి నాడు మా పేట నేతవాళ్ల దేవుడు మార్కండేయుడి ఊరేగింపు తీస్తుంది. పల్లకి వెనకే ఒక ట్రాక్టర్ ట్రాలీ, దాని మీద బిగించిన చిన్న చేమగ్గం. ఈ ఏడు ఆ బండి సింగారం నేనే చూసుకున్నాను. పొద్దున గుడి దగ్గర బండి కదిలింది మొదలు సాయంత్రం మళ్లీ గుడికి చేరేదాకా ఒక మనిషి దాని మీద కూర్చుని నేస్తూనే ఉంటాడు. బండి గుంతలో పడినా, చినుకులు పడినా, డప్పులవాళ్లు చెవి పక్కనే వాయించినా నేత ఆగకూడదు. సాయంత్రం ఆ బట్టను మగ్గం మీంచి కోసి, హారతికి ముందు దేవుడికి కడతారు. పేటంతా చూస్తుండగా దారిలో నేసిన బట్టే ఆ రోజు దేవుడికి కావాలి.

ఆ మగ్గం ముందు కూర్చునే చోటును మేం పీట అంటాం. పీట ఎవరిదో పెద్దలు చెబుతారు. ఒకసారి ఇచ్చాక, చేతకానంతవరకూ ఆ మనిషిదే. ఒకప్పుడు పీట మా బావ వాళ్ల నాన్నది. ఆయనకు చూపు మందగించాక వేరే ఇంటికి పోయింది. బావ అప్పటినుంచి అడుగుతూనే ఉన్నాడు. గట్టిగా కాదు, ఏటా ఒకసారి మీటింగు అయిపోయి చెప్పులు వేసుకునేటప్పుడు, ఎవరికీ ఇబ్బంది లేకుండా అడిగేవాడు. ఈ సంవత్సరం ఇచ్చారు. ఆయన పీట మీద కూర్చున్న మొదటి ఊరేగింపు అదే.

బావ చేమగ్గం మీద గోడకు వేలాడదీసే బొమ్మలు నేస్తాడు. దేవుళ్లు, నెమళ్లు, అడిగితే ఇంట్లో చనిపోయిన పెద్దవాళ్ల ముఖాలు కూడా నూలుతో దింపుతాడు. ఇప్పుడు వాటిని అడిగేవాళ్లు లేరు. అందుకని పగలంతా నా షెడ్డులో సాంచెలు చూసుకుంటాడు, తీరిక దొరికితే ఇంట్లో బొమ్మలు నేస్తాడు. అక్క బీడీలు చుడుతుంది. వాళ్లు ఉండేది బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో.

ఇక నా సంగతి. నా టవల్‌కూ పక్క షెడ్డు టవల్‌కూ తేడా నాకే తెలియదు. కొనేవాడికి ఏం తెలుస్తుంది? ఈ మాట మనసులో కొరుకుతుండగా, వ్యాపారుల సంఘం హాల్లో ఒక ఉపన్యాసం పెట్టారు. ఆటల నుంచి వ్యాపారం నేర్చుకోవడం గురించి. చెప్పడానికి పుణె నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. క్రికెట్ లీగ్‌లో ఏదో జట్టుకు ప్రచారం పని చూశాడట. మేమంతా సమోసా తినిపోదామని వెళ్లినవాళ్లం. నేను మాత్రం సమోసా చేతిలోనే పెట్టుకుని చివరిదాకా విన్నాను.

అతను చెప్పినవి నాకు నిజంగా బాగా తోచాయి. ఆట మూడు గంటల్లో అయిపోతుంది, జట్టు మాత్రం ఏడాదంతా జనం నోట్లో ఉంటుంది, ఎలా అని అడిగాడు. ఒక రంగు పట్టుకుని దాన్ని వదలరు. ఆటగాడి వీపు మీద పేరు ఉంటుంది, అతని ఊరు, అతని అమ్మ, అతని మొదటి బ్యాటు కథ అందరికీ తెలుస్తుంది. జనం కొనుక్కునేది టీషర్టును కాదు, ఆ కథలో తమ చోటును. తర్వాత స్టంపులో పెట్టే చిన్న కెమెరా గురించి చెప్పాడు. మైదానంలో కూర్చున్న కళ్లు కొన్నే, తెర మీద చూసే కళ్లు లెక్కలేనన్ని. అందరి కళ్లూ ఎక్కడ ఉంటాయో కనిపెట్టి అక్కడ మీ పేరు పెట్టండి అన్నాడు.

చివర్లో ఒక ఓడిపోయిన కెప్టెన్ వీడియో చూపించాడు. చెమటైనా తుడుచుకోకుండా మైకు ముందుకు వచ్చి, ఈ రోజు తప్పు మాదే అంటున్నాడు. ఓడిన రోజు ముఖం చూపించినవాడినే జనం గెలిచిన రోజు నమ్ముతారు, కొనేవాళ్లూ అంతే అని ముగించాడు. అది కూడా విన్నాను. పక్కవాడితో పాటు చప్పట్లు కొట్టాను.

మర్నాటి నుంచి నా షెడ్డులో అన్ని టవళ్ల అంచులూ నీలం అయిపోయాయి. కొన్నింటి మీద జెర్సీల మీద ఉన్నట్టు అంకెలు వేయించాను. మేం సరుకు పంపే ఒక కొట్టాయన ఫోన్ చేసి, ఆ అంకె సైజా, ధరా అని అడిగాడు. టీ వేళ ఈ మాట బావకు చెబితే చాలాసేపు నవ్వాడు.

"ఆటగాని పేరు యాద్ ఉంటది బామ్మర్ది. ఆడు సిక్సర్ కొట్టిండు కాబట్టి ఉంటది. మన టవల్ ఏం కొట్టింది? ఒళ్లు తుడుసుకుంటరు, దండెం మీద ఆరేస్తరు, అయిపాయె."

"అందుకే బావా, మనకూ ఒక కథ కావాలె."

"కథ కావాలంటే మీ అక్కనడుగు. నేను లేటుగ పోయిన రోజు మస్తు చెప్తది."

అప్పుడు నేనూ నవ్వాను. కానీ ఆయనకు పీట ఇచ్చారన్న వార్త తెలిసిన రోజు, నాకు మొదట వచ్చిన ఆలోచన ఆయన సంతోషం గురించి కాదు. అందరి కళ్లూ ఎక్కడ ఉంటాయో నాకు దొరికిందనుకున్నాను.

అడగడానికి టీ వేళనే ఎంచుకున్నాను. సాంచెలు నడుస్తుంటే మా షెడ్డులో మాట వినపడదు.

"బావా, ఈసారి బట్ట మీద మన పేరు నేస్తవా?"

"ఏం పేరు?"

"కంపెనీ పేరు."

"దేవునికి టవల్ కడ్తున్నమా ఏంది?"

"నిజంగనే అడుగుతున్న. అంచు కాడ, చిన్నగ. ఆటగాళ్ల అంగీ మీద ఉంటది సూడు, గట్ల."

"ఆటగాడు ఆట అయినంక అంగీ ఇప్పేస్తడు. దేవుడు ఎట్ల ఇప్పుతడు?" అని టీ గ్లాసు కింద పెట్టాడు. నవ్వు తగ్గింది. "పెద్దలు ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నరు."

"తాత ఒప్పుకున్నడా?"

తాత అంటే మా నేతవాళ్ల సంఘం పెద్ద. ఆయన ఎవరికీ సొంత తాత కాదు గానీ పేటంతా అలాగే పిలుస్తుంది. ఆయన దగ్గరికి నేను వెళ్లనే లేదు. వెళితే ఏమంటాడో తెలుసు కాబట్టే వెళ్లలేదు.

"తాతనే అన్నడు బావా. బండి సింగారం అంతా నువ్వే చూసుకుంటున్నవ్ గదరా, ఏస్కో పేరు, ఏమైతది అన్నడు."

అబద్ధానికి తాత మాట తీరు కూడా తగిలించాను. బావ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "బరోబర్. ఆయన అన్నంక నేనెవర్ని?" అన్నాడు. ఆయన ఒప్పుకోవడానికి అంతకంటే ఏమీ అక్కరలేకపోయింది. పీట ఇచ్చినవాళ్ల మాట ఆయనకు అంత.

పున్నమి పొద్దున అక్క విడీ ఘర్కుల్ నుంచి తొందరగా వచ్చి, గుడి దగ్గర బండి పక్కనే నాకు రాఖీ కట్టింది. "ఇయాళ ఒక్క బీడీ సుట్టలే తమ్మీ. మీ బావ పండుకోలే, నన్ను పండుకోనియ్యలే. నాడెకు నూనె రాసుడే రాసుడు. పెండ్లినాడు కూడ గింత పరేషాన్ కాలే మనిషి" అంది. నోట్లో మిఠాయి పెట్టి, నా నుదుటి మీద బొట్టు సరిచేసి, ఆడవాళ్ల గుంపు వైపు వెళ్లిపోయింది.

బండి కదిలింది. తెల్లటి నిలువు పోగుల పడుగు, ఎర్ర అంచు. నేను గీసి ఇచ్చిన కాగితాన్ని బావ పడుగు కింద పెట్టుకున్నాడు. పేరు మరాఠీ అక్షరాల్లో. ఒక్కో అడ్డపోగు నేశాక, అక్షరం ఉన్నచోట మాత్రం నాలుగైదు పోగులు చేత్తో ఎత్తి, నీలం నూలు ముక్కను దూర్చేవాడు. ట్రాలీ ఊగుతున్నా, డప్పులు మోగుతున్నా ఆయన వేలు తప్పలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఇలాంటి నేతలో బట్ట ముందు వైపు కిందికి ఉంటుంది. నేసేవాడికీ చూసేవాళ్లకూ పైన కనిపించేది వెనక వైపు, వేలాడే నూలు కొసలు. అందుకే చుట్టూ నడిచేవాళ్లకు అది ఏం పేరో తెలియలేదు. నీలంగా ఏవో అక్షరాలు పడుతున్నాయని మాత్రం తెలిసింది. దేవుడి పేరు నేస్తున్నాడనుకున్నారు. ముసలి ఆడవాళ్లు ట్రాలీ పక్కకు వచ్చి, చెయ్యి చాచి ఆ నీలాన్ని తాకి, వేళ్లు కళ్లకు అద్దుకున్నారు. ఒకామె మనవరాలిని ఎత్తుకుని దాని చేత మొక్కించింది.

నా కంపెనీ పేరుకు మొక్కుతున్నారు. నాకు అప్పుడేమనిపించిందో దాచను. మొదట ఒళ్లు పులకరించింది. తర్వాత ఆ ముసలమ్మల ముఖాలు చూడలేకపోయాను. అప్పుడైనా బావ భుజం తట్టి ఆపమని చెప్పొచ్చు. చెప్పలేదు. ఫోన్ తీసి, మగ్గం కింద చెయ్యి పెట్టి, బట్ట ముందు వైపు కనపడేలా వీడియో తీశాను. స్టంపు కెమెరా గుర్తుంచుకునే తీశాను. నీలం అక్షరాలు శుభ్రంగా, పైన వాలుతున్న బావ ముఖం, వెనక డప్పుల మోత. చాలా బాగా వచ్చింది. పేట వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను.

మధ్యాహ్నం కుంఠా నాకా దగ్గర ఊరేగింపు ఆగుతుంది, అందరికీ మజ్జిగ పోస్తారు. అక్కడ తాత అద్దాలు పెట్టుకుని, ఎవరిదో ఫోన్ పట్టుకుని ట్రాలీ దగ్గరికి వచ్చాడు. ఫోన్ బావ ముందు పెట్టాడు.

"ఇదేంది?"

బావ వంగి చూశాడు. పొద్దుటినుంచి తను నేసినదాని ముందు వైపు ఆయన చూడలేదు. చూడగానే ఆయన ముఖంలో వచ్చింది సంతోషం, నేత బాగా కుదిరిందన్న సంతోషం.

"ఏం తాతా, అక్షరాలు సక్కగ రాలేదా?"

"సక్కగనే వచ్చినయ్. దేవుని బట్ట మీద ఎందుకొచ్చినయ్ అని అడుగుతున్న."

బావ ముఖంలో ఆ సంతోషం ఎలా ఆరిపోయిందో నేను పక్కనుంచి చూశాను. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. అంతే, మళ్లీ చూడలేదు.

"ఎవరు నెయ్యమన్నరు?"

"నేసింది నేనే తాతా."

"నేసినోడివి నువ్వే అని కండ్లకు కనవడ్తనే ఉంది. నెయ్యమన్నది ఎవరు?"

"నేనే నేసిన" అన్నాడు బావ మళ్లీ.

ఆ సమయంలో నేను ట్రాలీకి కట్టిన బంతిపూల దండ సర్దుతున్నాను. సర్దాల్సింది ఏమీ లేదు. రెండు పూలు పట్టుకుని అటూ ఇటూ జరుపుతున్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చిందని కూడా అనలేను. రాలేదు. ఇది ఎలాగో సర్దుకుంటుంది, బావ మీద పేటకు గౌరవం ఉంది, ఆయన్ని ఏమీ అనరు అనుకున్నాను.

"దిగు" అన్నాడు తాత.

బావ నాడెను జాగ్రత్తగా పక్కన పెట్టి దిగాడు. ఎవరో మగ్గం మీద చాదర్ కప్పారు. గుడికి ఫోన్ చేసి, బీరువాలో ఉన్న పాత పట్టుపంచె తీసి ఉంచమని చెప్పారు. డప్పులు మొదలయ్యాయి. బండి కదిలింది. చాదర్ కింద మగ్గం, పైన ఎవరూ లేని పీట. ఇళ్ల ముందు నిలబడ్డవాళ్లు ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు. బావ వెనక పడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడుస్తున్నాడు. నేను ఆయన పక్కన నడవలేకపోయాను. ముందుకూ పోలేకపోయాను.

అక్క గుంపులోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మీ బావ నన్నేం అడగకు అంటుండు. నువ్వు చెప్పు."

చెప్పాను. తాత పేరుతో చెప్పిన అబద్ధం కూడా చెప్పాను. అక్క నడుస్తూనే వింది. 

"మొదటి ఏడు తమ్మీ. మా మామ పీట దిగినంక గీ ఒక్కటే అడిగిండు ఆయన జిందగీల. నన్ను సుత ఎన్నడు ఏం అడగలే." నా చెయ్యి వదిలేసి, "పొయ్యి చెప్పు. నా మొఖం చూసుడు కాదు, పొయ్యి చెప్పు" అంది.

అప్పుడు ఆ ఓడిన కెప్టెన్ గుర్తొచ్చాడు, ఎందుకో తెలియదు. అతను మైకు దగ్గరికి ఎంత తొందరగా వచ్చాడో గుర్తొచ్చింది. నేను రంగు నేర్చుకున్నాను, కెమెరా నేర్చుకున్నాను, కళ్లు ఎక్కడుంటాయో నేర్చుకున్నాను. ఆ ఒక్కటీ సమోసాతో పాటు హాల్లోనే వదిలేసి వచ్చాను.

తాత పల్లకి పక్కన నడుస్తున్నాడు. డప్పులు అక్కడే. దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయనకు వినపడలేదు. చెవి దగ్గర నోరు పెట్టి మళ్లీ చెప్పాను.

"ఏందిరా? గట్టిగ చెప్పు."

"నేనే చెప్పిన తాతా! బావ తప్పు లేదు! నువ్వు ఒప్పుకున్నవని అబద్ధం ఆడిన!"

ఈ మాట మొదలుపెట్టినప్పుడు డప్పులు మోగుతున్నాయి, ముగిసేసరికి ఆగిపోయాయి. మలుపు దగ్గర పల్లకి భుజం మార్చుకోవడానికి ఆపారు. నేను అరిచింది పల్లకి మోసేవాళ్లూ, డప్పులవాళ్లూ, వెనక ఆడవాళ్లూ అందరూ విన్నారు. ఎవరో నవ్వారు. ఒకాయన, "గీ మాట వీడియో తియ్యకపోతివి" అన్నాడు.

తాత కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన అలసిపోయినట్టు చూశాడు.

"చెప్పినవ్. విన్న. ఇప్పుడేం జెయ్యాలె? నువ్వు చెప్పినవని ఆ పేరు పోతదా?"

బావను పిలిపించారు. ఆయన ఎవరి ముఖమూ చూడకుండా, పనికి సంబంధించిన మాటలా చెప్పాడు. నీలం నూలు పైపైన దూర్చిందే. కింద అసలు నేత నిండుగానే ఉంది. నీలం పోగులు ఒక్కొక్కటే లాగేస్తే బట్ట చెడదు. జాడ కొంచెం ఉంటుంది.

"అయితే పీకెయ్" అన్నాడు తాత.

"నేను పీకను తాతా" అన్నాడు బావ. ఆయన పెద్దవాళ్లకు ఎదురు చెప్పగా నేను వినడం అదే మొదలు. "మిగిలిన నేత నేస్త, నువ్వు ఎక్కమంటే. అది మాత్రం పీకను."

తాత నా వైపు చూశాడు.

చాదర్ తీశారు. బావ మళ్లీ పీట ఎక్కాడు. అప్పటికి నేత లేకుండా ఎంత దారి గడిచిందో అంతా గడిచిపోయింది. దాన్ని వెనక్కి తీసుకురావడం ఎవరి వల్లా కాదు. కొన్ని వీధులవాళ్లు ఈ ఏడు చాదర్ కప్పిన మగ్గాన్నే చూశారు.

సాయంత్రం గుడి దగ్గర బట్ట కోశారు. దీపాలు పెడుతున్నారు. గుడి మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి, నీలం అక్షరాలున్న కొసను నా ఒళ్లో వేశారు. అక్క తన సంచిలోంచి ఒక సూది తీసి ఇచ్చింది. నేను మొదటి పోగు పట్టుకుని లాగబోతే అసలు నేతే ముడతపడింది. బీడీ ఆకు మడిచి మడిచి ఆమె వేళ్లు ఎంత చురుకైనవో నాకు తెలుసు. పక్కనే కూర్చుంది కదా, చెయ్యి వేస్తుందేమో అని చూశాను.

"నీ పేరు, నువ్వే తియ్" అంది.

మరాఠీ అక్షరాల పైన ఉండే గీత పొడుగ్గా, తేలిగ్గానే వచ్చింది. కింద అక్షరాలు మాత్రం ముక్కలు ముక్కలుగా. సూది మొనతో కొస లేపాలి, వేళ్లతో పట్టాలి, పక్క పోగు కదలకుండా లాగాలి. నా వేళ్లు మొద్దు. కళ్లద్దాలు చెమటకు జారుతున్నాయి. పూజారి గంట పట్టుకుని నిలబడ్డాడు. పేటంతా నిలబడింది. దేవుడు పొద్దుటి బట్టతోనే ఉన్నాడు. అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి, నేను ఇన్నాళ్లూ వెతికింది అదే. పిల్లలు ఇంకా ఎంతసేపని అడుగుతున్నారు.

ఒకచోట తొందరపడి గట్టిగా లాగాను. అసలు పోగు ఒకటి తెగింది. బావ దూరంగా గోడకు ఆనుకుని ఉన్నాడు. వచ్చి నా ముందు కూర్చుని, తెగినచోట గోటితో రెండు పోగులు దగ్గరికి జరిపి, మళ్లీ లేచి వెళ్లిపోయాడు.

అంతా తీశాక బావ చెప్పినట్టే జాడ మిగిలింది. నీలం లేదు గానీ నూలు దూరినచోట పోగులు ఎడంగా నిలిచాయి. దీపం ముందు పెట్టి చూస్తే, తెలిసినవాడు చదవగలడు. తాత నీళ్లు చిలకరించి అరచేత్తో రుద్దాడు. కొంత సర్దుకుంది, కొంత సర్దుకోలేదు. ఆ కొసను మడతలో లోపలికి పెట్టి దేవుడికి కట్టారు. పట్టుపంచె మళ్లీ బీరువాలోకి పోయింది.

మా దగ్గర హారతి అయ్యాక నేసినవాడికి తాంబూలం ఇచ్చి, వచ్చే ఏడూ పీట నీదేనని చెప్పే అలవాటు ఉంది. ఆ సాయంత్రం తాత బావకు తాంబూలం ఇచ్చాడు. పీట మాట ఎత్తలేదు. బావ కాసేపు అక్కడే నిలబడి, తాంబూలం జేబులో పెట్టుకుని వెళ్లాడు.

గ్రూపులోంచి వీడియో తీసేశాను. కానీ అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో. ఒక దూరపు చుట్టం దాన్నే నాకు పంపి, మీ బావ ఇట్ల చేసిండట గదా అని అడిగాడు. నేను చెప్పిన అబద్ధం ఆ వీడియోలో లేదు, నా ముఖం లేదు. అందులో ఉన్నది బావ ముఖమే. గ్రూపులో నా గొంతుతో మొత్తం చెప్పి పెట్టాను. కొందరు దండం బొమ్మ పెట్టారు, కొందరు నవ్వే బొమ్మ పెట్టారు. వీడియో చూసినవాళ్లలో ఎంతమంది అది విన్నారో తెలియదు.

మా గల్లీలో ఆ నీలాన్ని తాకి కళ్లకు అద్దుకున్న ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లాను. ఒక ముసలామె గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. "నేను దేవునికి మొక్కిన. నీ పేరు నాకేం ఎరుక బిడ్డా?" అని మళ్లీ బియ్యంలోకి వంగింది. ఇంకొకామె తలుపు సగం తెరిచి, విని, మూసేసింది.

బావ మర్నాడు షెడ్డుకు వచ్చాడు. పనిలో ఏ లోటూ లేదు. మాటలే పొడి మాటలు. నూలు అయిపోయింది. బెల్టు వదులైంది. టీ వేళ టీ తాగాడు, జోకు వేయలేదు. క్షమించమని అడిగాను. "ఉండనియ్" అన్నాడు. ఇంకోసారి అడిగితే, "గీ సాంచె చప్పుడు సూడు, బేరింగు పోయినట్టుంది" అన్నాడు.

పీట మాట తేల్చడానికి ఆదివారం సంఘం మీటింగు పెట్టారు. నేనూ వెళ్లాను. అక్కడ మళ్లీ మొత్తం చెప్పాను, ఈసారి డప్పులు లేవు. పీట తీసేయాలని కొందరు అన్నారు. నేసేవాడికి తెలియదా, ఎవరో చెబితే నేసేయడమేనా అన్నారు. ఆయన నమ్మింది నన్ను కాదు, మీ మాట అనుకున్నదాన్ని అని చెప్పాను. చివరికి తాత అన్నాడు:

"పీట ఆయనకే ఉండాలంటే ఒకటే దారి. ఆయన నేసినన్ని ఏండ్లు నువ్వు ఆ బండి ఛాయల కనవడొద్దు. ఊరేగింపుల నడవొద్దు, సింగారం చెయ్యొద్దు, ఎవరి తోటి చేయించొద్దు. ఇంట్ల ఉండు. ఆలోచించుకుని చెప్పు."

నేను ఊరేగింపుకు వెళ్లని సంవత్సరం లేదు. నడక రానప్పుడు నాన్న భుజం మీద, తర్వాత నా కాళ్ల మీద. బయటికి వచ్చాను. బావ మెట్ల దగ్గర స్కూటర్‌కు ఆనుకుని ఉన్నాడు. తాత అన్నది చెప్పాను.

ఆయన స్కూటర్ సీటు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. తర్వాత, "మీ అక్క రాఖీ ఎట్ల కడ్తది మరి? పొద్దుగాల్నుంచి రాత్రిదాంక ఆమె బండి కాడ నా ఎంటనే ఉంటది" అన్నాడు.

"ముందురోజు సాయంత్రం నేనే మీ ఇంటికి వస్త బావా."

"ముందురోజు పున్నమి గాదు గద."

"కాకుంటే మానె. కట్టమను."

ఆయన తల ఊపాడో, రోడ్డు వైపు చూశాడో నాకు సరిగా తెలియలేదు. స్కూటర్ స్టాండు తీస్తూ, "అంతసేపు నిలవెట్టకు ఆయన్ని. పెద్దమనిషి" అన్నాడు.

నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, తాత ముందు నిలబడి, ఒప్పుకుంటున్నానని చెప్పాను.